లింక్డ్‌ఇన్ రివ్యూ: ప్రొఫైల్‌కి నాలుగున్నర, ఫీడ్‌కి ఒకటి

లింక్డ్‌ఇన్ ఎలా వాడాలని మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయిలు అడిగితే నేను చెప్పే మాట ఒక్కటే. ప్రొఫైల్ రాయడానికి రెండు సాయంత్రాలు గట్టిగా కూర్చోండి, ఫీడ్ (అందరి పోస్టులూ వరసగా వచ్చే పేజీ) చూడటానికి మాత్రం పది నిమిషాలు మించి కూర్చోవద్దు. ఐదుకి ఎన్ని మార్కులు అని అడిగితే ప్రొఫైల్‌కి నాలుగున్నర ఇస్తాను, ఫీడ్‌కి ఒకటి. రెండూ కలిపి సగటు తీయడం అనవసరం, ఎందుకంటే రెండోది లేకుండా మొదటిది హాయిగా వాడుకోవచ్చు.

నేను డేటాబేస్ ఇంజినీర్‌ని. పేమెంట్ సిస్టమ్స్‌లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ చూసుకుంటాను. మధ్యలో అమ్మ ఆరోగ్యం బాగోలేక ఉద్యోగం మానేసి, కొన్నాళ్ల తర్వాత మళ్లీ చేరాను. నాది ఫ్రీ అకౌంట్. ఉద్యోగం వెతుక్కునేటప్పుడు ప్రీమియం తీసుకుని, పని అయ్యాక ఆపేశాను. కాబట్టి ఇది రోజూ పోస్టులు పెట్టి వేలమంది ఫాలోవర్లను సంపాదించుకున్న మనిషి రాస్తున్న రివ్యూ కాదు. తన పని తాను చేసుకుంటూ, ఆ పని నలుగురికీ తెలియాలని కోరుకునే ఇంజినీర్ రాస్తున్నది.

తెలియాలని ఎందుకు కోరుకుంటున్నానో ముందు చెప్పాలి. డేటాబేస్ పని బాగా చేస్తే ఏమీ జరగదు. సైట్ పడిపోదు, రాత్రి ఎవరికీ ఫోన్లు రావు. ఏమీ జరగని రోజుని చూపించి ప్రమోషన్ అడగడం చాలా కష్టం. నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో పెద్ద డేటా మైగ్రేషన్‌కి (డేటాని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చడానికి) ప్లాన్ మొత్తం నేనే రాశాను. దాన్ని పై వాళ్లకి చూపించింది మా మేనేజర్. స్లైడ్లలో ఎక్కడా నా పేరు లేదు. ఆ కంపెనీ వదిలేసిన రోజు నా డిజైన్ డాక్యుమెంట్లు, రివ్యూ కామెంట్లు, ఇన్సిడెంట్ రిపోర్టులు అన్నీ వాళ్ల వికీలోనే ఉండిపోయాయి. వాటిని బయటికి తీసుకురావడానికి వీల్లేదు, తీసుకురాకూడదు కూడా. ఏళ్ల తరబడి చేసిన పనికి సాక్ష్యం బయటివాళ్లెవరూ చూడలేని చోట ఉంటే, కొత్త చోట మళ్లీ మొదటి నుంచి నిరూపించుకోవాల్సి వస్తుంది. టెక్‌లో ఉన్న చాలామంది ఆడవాళ్లకి ఈ బాధ తెలుసు. పర్సనల్ బ్రాండింగ్ అంటే నా దృష్టిలో ఇంతే: మనం చేసిన పని, మన పేరు, రెండూ ఒకే చోట కనిపించేలా చూసుకోవడం. ఈ ఒక్క పనికి లింక్డ్‌ఇన్ చాలా బాగా పనికొస్తుంది. 2003 నుంచీ నడుస్తున్న సైట్ ఇది. రిక్రూటర్లు మనుషుల్ని వెతుక్కోవడానికి ముందుగా వచ్చేది కూడా ఇక్కడికే.

ముందు హెడ్‌లైన్ సంగతి. పేరు కింద ఉండే ఈ గడిలో 220 అక్షరాలు పడతాయి. చాలామంది దాన్ని అసలు పట్టించుకోరు, అందుకని ఉద్యోగం పేరు, కంపెనీ పేరు దానంతటదే వచ్చి కూర్చుంటాయి. నాకూ చాలాకాలం "సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్" అనే ఉండేది. అలాంటివాళ్లు లక్షల్లో ఉంటారు. ఇప్పుడు నాది "పేమెంట్ సిస్టమ్స్‌లో పోస్ట్‌గ్రెస్ పెర్ఫార్మెన్స్, డౌన్‌టైమ్ లేని మైగ్రేషన్లు" అని మొదలవుతుంది. రిక్రూటర్ సెర్చ్‌లో కొట్టే మాటలు ఇవే. ఇంకో సంగతి, మనం ఎక్కడ కామెంట్ పెట్టినా పేరు పక్కన హెడ్‌లైన్‌లో మొదటి ముక్క మాత్రమే కనిపిస్తుంది, మిగతాది తెగిపోతుంది. అందుకే ముఖ్యమైన మాటలు ముందుకి రావాలి. "ప్యాషనేట్", "డైనమిక్", "రిజల్ట్స్ డ్రివెన్" లాంటివి పెట్టి ఆ చోటు వృథా చేయకండి. వాటిని ఎవరూ సెర్చ్ చేయరు.

అబౌట్ సెక్షన్‌లో 2,600 అక్షరాల దాకా రాయొచ్చు, కానీ "సీ మోర్" నొక్కకుండా కనిపించేవి మొదటి కొన్ని లైన్లే. అక్కడ నేను చేసిన ఒక పని రాశాను: ఏది నెమ్మదిగా ఉండేది, నేనేం మార్చాను, తర్వాత ఏమైంది. కంపెనీ లెక్కలు బయటపెట్టకూడదు కాబట్టి అసలు సంఖ్యలు రాయలేదు, ఎన్ని రెట్లు తగ్గిందో రాశాను. అది రాసేటప్పుడు చేయి వెనక్కి లాగుతుంది. "టీమ్ అంతా కలిసి చేశాం కదా" అనిపిస్తుంది. టీమ్ చేసింది ఒక వాక్యంలోనూ, అందులో నా వంతు ఏమిటో తర్వాతి వాక్యంలోనూ రాయండి. అప్పుడు అబద్ధమూ ఉండదు, గొప్పలూ ఉండవు. ఈ మొహమాటం మనకొక్కరికే ఉన్నది కాదు. క్రిస్టీన్ ఎక్స్‌లీ, జడ్ కెస్లర్ అనే ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగాల ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. అందులో ఆడవాళ్లు, మగవాళ్లు ఒకే పరీక్ష రాశారు. మార్కులు సమానంగా వచ్చినా, ఎలా చేశారని అడిగితే ఆడవాళ్లు తమను తాము తక్కువ చేసి చెప్పుకున్నారు. తమకు ఎన్ని మార్కులు వచ్చాయో ముందే చెప్పినా ఆ తేడా పోలేదు. ఆ సంగతి చదివినప్పటి నుంచీ నా గురించి నేను రాసుకున్న ఏ వాక్యాన్నైనా ఒకసారి వేరేవాళ్ల గురించి రాసినట్టు ఊహించుకుని చదువుతాను. అప్పుడు ఎక్కడ తగ్గించుకున్నానో ఇట్టే తెలిసిపోతుంది.

ఉద్యోగంలో విరామం చూపించడానికి 2022లో "కెరీర్ బ్రేక్" అనే ఎంట్రీ పెట్టారు. చిన్న మార్పే, కానీ నాకు చాలా పెద్ద సాయం. అంతకుముందు అయితే ఆ ఖాళీని దాచాలి, లేదంటే లేని ఫ్రీలాన్స్ పని పేరు పెట్టి నింపాలి. ఇప్పుడు ఎక్స్‌పీరియన్స్‌లోనే తేదీలతో సహా వస్తుంది. కారణం కూడా ఎంచుకోవచ్చు: పిల్లల పెంపకం, ఇంట్లోవాళ్లని చూసుకోవడం, ఆరోగ్యం, చదువు, ఇంకా చాలా ఉన్నాయి. నేను ఇంట్లోవాళ్ల సంరక్షణ అని పెట్టి, కింద రెండు లైన్లు రాశాను. ఇంటర్వ్యూలో ఆ విషయం అడిగితే ఏం చెప్పాలా అన్న టెన్షన్ తగ్గింది, ఎందుకంటే చదివినవాళ్లకి ముందే తెలుసు. ఆగిన చోట నుంచి మళ్లీ మొదలుపెట్టేవాళ్లు తప్పకుండా వాడాల్సిన ఫీచర్ ఇది.

ఇక రికమెండేషన్లు. లింక్డ్‌ఇన్ మొత్తంలో నాకు బాగా నచ్చినది ఇదే, జనం తక్కువ వాడేది కూడా ఇదే అనుకుంటాను. స్కిల్స్ పక్కన ఒక్క క్లిక్‌తో ఇచ్చే ఎండార్స్‌మెంట్లకి నేను విలువ ఇవ్వను. మనతో ఒక్కరోజు కూడా పనిచేయనివాళ్లు సైతం నొక్కేస్తారు. రికమెండేషన్ అలా కాదు. ఒక మనిషి కూర్చుని, తన పేరు, ఫోటో పక్కన, మన గురించి నాలుగు వాక్యాలు రాయాలి. మన గొప్ప మనం చెప్పుకోవడానికి సిగ్గుపడినా, ఇంకొకరు చెప్తే ఆ ఇబ్బంది ఉండదు.

అడగడంలోనే ఉంది అంతా. "నా గురించి ఒక రికమెండేషన్ రాస్తారా?" అని ఊరికే అడిగితే "హార్డ్‌వర్కింగ్, టీమ్ ప్లేయర్" అని వస్తుంది. పాపం వాళ్లకి మాత్రం ఏం గుర్తుంటుంది? నేను మా పాత ఆర్కిటెక్ట్‌గారికి ఇలా రాశాను: "సర్, నమస్తే. మనం ఆర్డర్ల డేటాబేస్‌ని కొత్త క్లస్టర్‌కి మార్చినప్పుడు వెనక్కి వెళ్లే ప్లాన్ నేను రాశాను, గుర్తుందా? కొత్తదానికి మారిన కట్ఓవర్ రాత్రి మీరు దాన్ని లైన్ లైన్‌గా నాతో చదివించారు. వీలైతే ఆ పని గురించి రెండు మూడు వాక్యాలు రాస్తారా? మీకు తీరిక లేకపోతే పర్వాలేదు సర్." ఆయన రాసినదాంట్లో "ఆమె ప్లాన్ చదివాక ఆ రాత్రి నేను నిశ్చింతగా ఉన్నాను" అన్న వాక్యం ఉంది. ఆ తర్వాత వచ్చిన ఇంటర్వ్యూల్లో వెనక్కి వెళ్లే ఆ రోల్‌బ్యాక్ ప్లాన్ గురించే నన్ను అడిగారు. నాకు బాగా తెలిసిన విషయం మీదకి సంభాషణ దానంతటదే వచ్చింది. ఎవరైనా రాసినదాంట్లో తప్పు దొర్లితే సవరించమని అడిగే వీలు కూడా అక్కడే ఉంది. మనకి నచ్చకపోతే ప్రొఫైల్‌లో కనబడకుండా పెట్టుకోవచ్చు.

ఒక్క సలహా: బాస్‌లనే కాకుండా మీ దగ్గర పని నేర్చుకున్న జూనియర్లని కూడా అడగండి. ఒకమ్మాయి నా గురించి "అక్క కోడ్ రివ్యూలో తప్పు చూపించి వదిలేయదు, ఎందుకు తప్పో తెలిసేదాకా కూర్చోబెడుతుంది" అని రాసింది. లీడ్ ఉద్యోగానికి ఆ ఒక్క వాక్యం నా సర్టిఫికెట్లన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది. అలాగే మీరు కూడా ఇతరులకి రాయండి, అడగకముందే రాయండి. మన టీమ్‌లో కనబడకుండా పనిచేసే ఇంకో అమ్మాయికి అంతకన్నా మంచి బహుమతి లేదు.

నెట్‌వర్కింగ్ అనగానే చాలామంది ఆడవాళ్లు భయపడతారు. ముఖపరిచయం లేనివాళ్లతో నవ్వుతూ మాట్లాడాలి, పని పడినప్పుడు అడుక్కోవాలి అని అనిపిస్తుంది. నాకు ఆ భయం పోగొట్టింది ఒక పాత ఆలోచన. 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే సమాజశాస్త్రవేత్త ఒక మాట చెప్పాడు: కొత్త సమాచారం ప్రాణస్నేహితుల కన్నా కొద్దిపాటి పరిచయస్తుల ద్వారానే ఎక్కువ వస్తుంది, ఎందుకంటే స్నేహితులకి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది. లింక్డ్‌ఇన్‌లో దాదాపు 2 కోట్ల మంది మీద, ఐదేళ్ల పాటు చేసిన ప్రయోగాల ఫలితాలు 2022లో సైన్స్ పత్రికలో వచ్చాయి. ఉద్యోగం మారడానికి మరీ దగ్గరివాళ్ల కన్నా కాస్త దూరపు పరిచయాలే ఎక్కువ సాయపడ్డాయని, అయితే పరిచయం మరీ పలచబడిపోతే ఆ సాయం తగ్గుతుందని అందులో తేలింది. అంటే పూర్తిగా కొత్తవాళ్ల వెంట పడనక్కర్లేదు. ఒకప్పుడు పక్క టీమ్‌లో టెస్టర్‌గా ఉన్నామె, కాలేజీలో రెండేళ్ల సీనియర్, ఒక కాన్ఫరెన్స్‌లో పక్క సీట్లో కూర్చున్నావిడ, వీళ్లు చాలు. విరామం తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది అలాంటి ఒక పాత టెస్టర్ రెఫరల్ వల్లే. మేమిద్దరం కలిసి టీ తాగిన సందర్భాలు కూడా పెద్దగా లేవు. కానీ నా బగ్ ఫిక్స్‌లు మళ్లీ తిరిగి రావని ఆమెకి తెలుసు.

కనెక్షన్ రిక్వెస్ట్ పంపేటప్పుడు నోట్ పెట్టండి. ఫ్రీ అకౌంట్‌లో నోట్‌కి 200 అక్షరాలే వస్తాయి, అలాంటి నోట్‌లు కూడా నెలకి కొన్నే. కాబట్టి కుశలప్రశ్నలకి చోటు లేదు. ఎక్కడ పరిచయమో, వాళ్లు చేసినదాంట్లో మీకు ఏది ఉపయోగపడిందో చెప్తే చాలు: "నమస్తే అండీ, మీ కాన్ఫరెన్స్ టాక్‌లో కనెక్షన్ పూలింగ్ గురించి చెప్పింది మా దగ్గర పెట్టి చూశాం, బాగా పనిచేసింది. మీరు రాసేవి చదువుతూ ఉండాలని కనెక్ట్ అవుతున్నాను." మొదటి మెసేజ్‌లోనే ఉద్యోగం అడగొద్దు. ఆ మనిషి మిమ్మల్ని గుర్తుపెట్టుకోవడానికి కాస్త టైమ్ ఇవ్వండి.

పోస్టులు పెట్టడం ఇష్టం లేనివాళ్లకి నా దగ్గర ఒక మంచి మాట ఉంది: కామెంట్లు చాలు. ఒకసారి ఎవరో పెద్ద టేబుల్‌కి కొత్త కాలమ్ జోడిస్తే సైట్ ఆగిపోయిందని రాశారు. నేను కింద రాశాను: పోస్ట్‌గ్రెస్ 11 నుంచీ మామూలు డిఫాల్ట్ విలువతో కాలమ్ జోడిస్తే టేబుల్ మొత్తం తిరగరాయదు, కాబట్టి ఆ పని క్షణంలో అయిపోతుంది. కానీ దానికి కావాల్సిన లాక్ (టేబుల్‌ని కాసేపు తన ఒక్కదానికే పట్టుకునే హక్కు) దొరకాలి. ముందు ఏదైనా పొడవాటి క్వెరీ నడుస్తుంటే ఇది దాని వెనక ఆగుతుంది, దీని వెనక మిగతా క్వెరీలన్నీ వరుసకడతాయి. లాక్ టైమ్అవుట్ చిన్నదిగా పెట్టుకుని, దొరక్కపోతే మళ్లీ ప్రయత్నించండి. అంతే రాశాను. ఆ కామెంట్ చదివిన ఒక మీటప్ నిర్వాహకురాలు దీని మీదే మాట్లాడతారా అని అడిగింది. నా మొదటి టాక్ అలా వచ్చింది. పైగా ఆ టాక్ వీడియోని ప్రొఫైల్‌లో ఫీచర్డ్ సెక్షన్‌లో పెట్టుకున్నాను. తెలిసిన విషయం అవసరమైన చోట చెప్పడంలో గొప్పలు చెప్పుకోవడం ఏమీ లేదు.

ఇప్పుడు లోపాలు. ఫీడ్‌కి ఒక్క మార్కే ఎందుకంటే, అది మనల్ని అక్కడే కూర్చోబెట్టడానికి తయారైంది. ఎవరో ప్రమోషన్, ఎవరో అవార్డు, ఎవరో ఉదయం నాలుగింటికి లేచి సాధించిన విజయం. అరగంట చూస్తే మనం వెనకబడిపోయామని అనిపిస్తుంది, నేర్చుకున్నది మాత్రం పెద్దగా ఉండదు. నేను నాకు కావాల్సిన మనుషుల ప్రొఫైల్‌కి నేరుగా వెళ్లి గంట గుర్తు నొక్కి, వాళ్లు రాసినప్పుడు మాత్రమే నోటిఫికేషన్ వచ్చేలా పెట్టుకున్నాను. మిగతావన్నీ ఆపేశాను.

రెండోది, పనికి సంబంధం లేని మెసేజ్‌లు. ఆడవాళ్ల అకౌంట్లకి ఇవి ఎంత విసుగు తెప్పిస్తాయో చెప్పనక్కర్లేదు. ప్రొఫైల్ తెరవగానే చేయాల్సిన సెట్టింగ్‌లు కొన్ని ఉన్నాయి. ఈమెయిల్ ఎవరికి కనబడాలో మార్చుకోండి. ఫోటో అందరికీ కాకుండా మన కనెక్షన్లకే కనబడేలా పెట్టుకోవచ్చు. ఇంటిపేరు పూర్తిగా కాకుండా మొదటి అక్షరం మాత్రమే చూపించవచ్చు. ఆన్‌లైన్‌లో ఉన్నామని చూపే పచ్చ చుక్కని ఆపేయవచ్చు. హద్దు మీరినవాళ్లకి జవాబివ్వాల్సిన పని లేదు, రిపోర్ట్ చేసి బ్లాక్ చేయండి. మర్యాద కోసం ఒక్క మాట కూడా మనం బాకీ లేము.

"ఓపెన్ టు వర్క్" విషయంలోనూ జాగ్రత్త. రిక్రూటర్లకి మాత్రమే కనబడేలా పెట్టుకోవచ్చు. అలా పెట్టినప్పుడు మన కంపెనీ రిక్రూటర్లకి కనబడకుండా చూస్తామంటారు, కానీ పూర్తి హామీ ఇవ్వలేమని లింక్డ్‌ఇన్ వాళ్లే చెప్తారు. ఉద్యోగం పోతే ఇబ్బందిపడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ప్రీమియం సంగతి క్లుప్తంగా చెప్తాను: ఉద్యోగం గట్టిగా వెతుకుతున్నప్పుడు మన ప్రొఫైల్ ఎవరు చూశారో తెలుసుకోవడానికి, పరిచయం లేనివాళ్లకి మెసేజ్ పంపడానికి పనికొస్తుంది. మిగతా కాలంలో అవసరం లేదు.

కోడ్ రాసేవాళ్లకి ఇదొక్కటే చాలదు. కోడ్ పెట్టుకుని అందరితో కలిసి రాసుకునే గిట్‌హబ్ లాంటి చోట్ల పని నేరుగా కనబడుతుంది, అయితే అక్కడా పక్షపాతం లేకపోలేదు. 2017లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఆడవాళ్ల పుల్ రిక్వెస్టులు (మన కోడ్ మార్పుని ప్రాజెక్టులో చేర్చమని అడగడం) మొత్తం మీద మగవాళ్లవాటి కన్నా ఎక్కువగా ఆమోదం పొందాయి. కానీ ప్రాజెక్టుకి కొత్తవాళ్లయి, ప్రొఫైల్ చూసి ఆడమనిషి అని తెలిసిపోతే ఆమోదం తగ్గింది. అందుకే మన గురించి ముందే తెలిసినవాళ్లు ఉండటం మనకి అవసరం. అనిటా బోర్గ్ 1987లో సిస్టర్స్ అనే ఈమెయిల్ బృందాన్ని మొదలుపెట్టింది కంప్యూటర్ రంగంలో ఒంటరిగా ఉన్న ఆడవాళ్లు ఒకరినొకరు అడిగి తెలుసుకోవడానికే. ఆమె, టెల్ విట్నీ కలిసి 1994లో కంప్యూటర్ రంగంలోని ఆడవాళ్ల సమావేశం గ్రేస్ హాపర్ సెలబ్రేషన్ ప్రారంభించారు. పైథాన్ భాషలో కోడ్ రాసే ఆడవాళ్లకి పైలేడీస్ అనే బృందం ఉంది. ఇలాంటి చోట్ల దొరికే చనువు లింక్డ్‌ఇన్‌లో దొరకదు. అక్కడ జీతం ఎంత అడగాలో కూడా అడగొచ్చు.

అయితే ఏ వేదికా ఎప్పటికీ ఉంటుందని అనుకోవద్దు. టెక్‌లో ఆడవాళ్ల కోసం నడిచిన విమెన్ హూ కోడ్ లాంటి పెద్ద సంస్థ నిధులు లేక 2024లో మూతపడింది. దాని మీటింగుల్లో పరిచయమైనవాళ్ల వివరాలు విడిగా రాసిపెట్టుకోని చాలామందికి ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. లింక్డ్‌ఇన్ సెట్టింగ్స్‌లో డేటా ప్రైవసీ కింద మన డేటా కాపీ తీసుకునే వీలుంది, అందులో కనెక్షన్ల జాబితా ఒక్కటే అడిగితే చిన్న ఫైల్‌గా వస్తుంది. పేర్లు, కంపెనీలు, కనెక్ట్ అయిన తేదీలు ఉంటాయి. ఈమెయిల్ మాత్రం అది చూపించడానికి ఒప్పుకున్నవాళ్లదే వస్తుంది, అంటే చాలా గడులు ఖాళీగా ఉంటాయి. నేను ఆ ఫైల్ తెరిచి, నిజంగా సాయం అడగగలిగినవాళ్లని, నేను సాయం చేయగలిగినవాళ్లని గుర్తుపెట్టుకుని, వాళ్ల నంబర్లు, ఈమెయిల్స్ నేరుగా అడిగి తీసుకున్నాను. ఎవరూ కాదనలేదు.